స్టిక్కర్‌కు తగ్గ పసుపు

నిజామాబాద్‌లో మా స్టిక్కర్ల దుకాణానికి ఈ రోజు వేల్పూర్ నుంచి ఒకాయన వచ్చాడు. పసుపు ప్యాకెట్లకు స్టిక్కర్లు కావాలట, రంగు అచ్చం తన పసుపులాగే ఉండాలట. చూపించడానికి ఒక ప్యాకెట్ కూడా తెచ్చాడు.

స్టిక్కర్లు అచ్చువేసే మా థర్మల్ మిషన్ మీద రెండు నమూనాలు తీసి ఇచ్చాను. మొదటిది నాలుగు రంగుల చుక్కలు కలిపి తీసింది. ఆయన పసుపుతో బాగా కలిసింది, కానీ దగ్గరగా చూస్తే చుక్కలు కనిపిస్తాయి. రెండోది పసుపు రంగు పూసిన ఒకే రిబ్బన్‌తో తీసింది. చుక్క లేకుండా ధగధగా మెరుస్తుంది, కాకపోతే రిబ్బన్‌కు ఏ రంగుంటే అదే పడుతుంది, మార్చలేం.

ఆయనకు రెండోదే నచ్చింది.

"అన్నా, గది మీ పసుపుతోని కలుస్తలేదు," అన్నాను.

"స్టిక్కర్ రంగు మారకుంటే మారకపాయె అక్కా. పసుపుల జర రంగు కలుపుత, గదే కలుస్తది," అన్నాడు, చాయ్‌లో చక్కెర వేసుకున్నంత తేలిగ్గా.

నమూనాలు రెండూ లాక్కుని చింపేశాను. "దునియల ఎవలు కలుపుతలేరక్కా?" అని నవ్వుకుంటూ పక్క దుకాణానికి పోయాడు.

సాయంత్రం ఇంటికొచ్చి, పప్పులో వేద్దామని మొన్న కొన్న పసుపు ప్యాకెట్ తీశాను. స్టిక్కర్ మీద మా రిబ్బన్ రంగే. లోపలి పసుపుదీ సరిగ్గా అదే రంగు, పిసరంత తేడా లేదు.

పప్పు పసుపు లేకుండానే దించాను. మీ వంటింట్లో ప్యాకెట్ ఎట్లా ఉందో చూసి చెప్పండి. రెండు రంగులూ అచ్చం కలిస్తే మాత్రం సంబరపడకండి.