కుడివైపు బుగ్గలు

మా కొడుకు ఆ ఆటపెట్టె తెచ్చిన రోజే నాకు అనుమానం వచ్చింది. పండక్కి చొక్కా గుడ్డ తప్ప నాకు ఏదీ తేని మనిషి, ఉన్నట్టుండి "బాపు, నీ కోసమే" అంటూ టీవీకి తీగలు తగిలిస్తుంటే ఎందుకు రాదు?

అంతకు వారం ముందే దబీర్‌పురా స్టేషన్ దగ్గర నా స్కూటర్ ఒక ఆటోకు రాసుకుంది. తప్పు ఆటోవాడిదే. ఎక్కడినుంచి ఊడిపడ్డాడో తెలియదు. అప్పటినుంచి ఇంట్లో ఒకటే మాట, స్కూటర్ బంద్ చెయ్యమని. పాతబస్తీ గల్లీలలో బండి మీదే తల పండినవాణ్ణి. బండి పోతే, అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూసే ముసలివాణ్ణి అవుతాను. అంతే.

ఆట చాలా సాదా. చేతిలో రిమోట్ లాంటి తెల్లటి కడ్డీ. దాన్ని టీవీ వైపు చూపితే తెర మీద ఎర్ర సున్నా కదులుతుంది. రంగు బుగ్గలు, అదే బెలూన్లు, పైకి లేస్తుంటాయి. ఆ సున్నా బుగ్గ మీదికి రాగానే మీట నొక్కాలి, టప్పున పేలుతుంది.

గురి నాకు కొత్త కాదు. బడి మొహం చూడకుండానే, దుకాణాల బోర్డులు చూసి రెండు భాషలు చదవడం నేర్చుకున్నవాణ్ణి. బోనాల జాతరలో బుగ్గలు కొట్టే గాలి తుపాకీల గుట్టు కూడా అట్లాగే పట్టాను. దుకాణందారు గొట్టాన్ని కొంచెం వంచి పెట్టేవాడు. మొదటి గుండు ఎటు పోయిందో చూసుకుని, రెండోది అంత పక్కకు జరిపి కొట్టేవాణ్ణి. అందుకే ఇక్కడ మధ్యలోవి, ఎడమవైపువి ఒక్కటీ వదల్లేదు. అయినా ఆట అయిపోయాక సగమే కొట్టినట్టు చూపించింది.

"దీంట్ల ఏదో మతలబు ఉంది," అన్నాను కొడుకుతో. "నా కండ్లు పోయినయని చూపెట్టనీకె తెచ్చినవ్."

"ఆట ఆడుమంటే పంచాయితీ పెడ్తవేంది బాపు," అని నవ్వి వాడు దుకాణానికి వెళ్లిపోయాడు.

నేను మళ్లీ ఆట మొదలుపెట్టాను. నా భార్య మంచం మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. చేతులు ఆపకుండానే తెర చూసి అంది, "కుడి దిక్కువి కొడ్తలేవు గద. అన్నీ పోతున్నయ్."

"కుడి దిక్కు బుగ్గలే లేవు."

"గిప్పుడు ఎన్నున్నయ్ చెప్పు."

"రెండు."

"మెడ తిప్పి చూడు."

తిప్పాను. కుడి మూలన ఒక పచ్చ బుగ్గ తాపీగా పైకి పోతోంది.

"వాడు నీకు నేర్పిపోయిండు."

"ఔ, బుగ్గకు గూడ నేర్పిండు. గురి మస్తుగుంది నీకు. మనుషుల మీదనే లేదు."

ఆటో కూడా కుడి దిక్కునుంచే వచ్చిందని అప్పుడు తోచింది. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. రేపు కంటి దవాఖానకు పోదామని మాత్రం అన్నాను.

దవాఖానలో పెద్ద గిన్నెను మన వైపు తిప్పి నిలబెట్టినట్టు ఒక మిషన్. అందులోకి మొహం పెట్టి, ఒక కన్ను మూసుకుని, నడుమ ఉన్న చుక్కనే చూడాలి. పక్కన ఎక్కడ వెలుగు మెరిసినా చేతిలోని మీట నొక్కాలి.

"ఇది మా కొడుకు చెప్పి పెట్టించిండా?" అని అడిగాను.

"అందరికీ గిదే పరీక్ష తాతా," అంది మిషన్ దగ్గరి అమ్మాయి. "చుక్క మీదినుంచి చూపు తియ్యకు."

పూర్తిగా నమ్మలేదు. కానీ ఆ మిషన్ వరస కాసేపటికే నాకు పట్టుబడింది. ఒక వెలుగుకూ మరో వెలుగుకూ మధ్య ఎడం ఇంచుమించు ఒకటే. అందాజా మీద నొక్కుకుంటూ పోతే చూపు బాగుందనే రాస్తారు, బండి నాకే ఉంటుంది. బొటనవేలు మీట మీదే ఉంది.

చాలాసేపు ఏదీ మెరవలేదు. కుడివైపు మెరుస్తూనే ఉండి ఉంటాయి. నేను నొక్కలేదు.