జానెడు జాగాలో ఇంద్రజాలం

మాస్టారు పోయారన్న కబురు నాకు ఒక రోజు ఆలస్యంగా అందింది. ఫోను చేసింది, నాతోపాటు ఆయన దగ్గర మ్యాజిక్ నేర్చుకున్న ఒక బ్యాంకు ఉద్యోగి. "మాస్టరు పోయిండమ్మా, నిన్న పొద్దుగాల. గుండె ఆగిందంట. పంజగుట్ట శ్మశానంలనే అంతా అయిపోయింది. నీకెవరన్న చెప్పిండ్రో లేదోనని చేసిన" అన్నాడు. ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్లలో నేను లేను. ఆ చోటు పోగొట్టుకుని నాలుగేళ్లయింది.

ఇది రాయమని నన్నెవరూ అడగలేదు. ఆయన గురించి మంచిమాటలు చెప్పగలిగేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఆయనకు చేసిన పని గురించి చెప్పగలిగేది మాత్రం నేనొక్కదాన్నే.

తెనాలి నుంచి డిగ్రీ పట్టుకుని అమీర్‌పేటలో దిగిన రోజుల్లో సందుసందుకూ కంప్యూటరు కోర్సుల బోర్డులే. మా హాస్టలు ఎదురు మేడలో కింద జిరాక్స్ షాపు, మొదటి అంతస్తులో జావా, రెండో అంతస్తులో టెస్టింగు. ఒక మధ్యాహ్నం, ఐదో ఇంటర్వ్యూ కూడా పోయాక, నలుగురి కంటా పడకుండా కూర్చుని ఏడవడానికి చోటు వెతుక్కుంటూ ఒక అంతస్తు ఎక్కువ ఎక్కాను. అక్కడ తెరిచిన తలుపు, లోపల ఒక చిన్న చెక్క టేబులు, దాని వెనక ఒక పెద్దాయన.

"జావా కింద అంతస్తుల, బిడ్డా" అన్నారు.

"నాకు జావా వద్దండి" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"మరేం గావాలె?"

ఏం కావాలో చెప్పలేక చేతులు చూపించాను. ఇంటర్వ్యూలో నా చేతులు వణికేవి. పెన్ను పట్టుకుంటే చాలు, ఎదుటివాళ్లకు కనిపించేది. ఆయన నా చేతులు కాసేపు చూసి, "వణికితే వణకనియ్యి. వణుకును సుత ఆటల కలుపుకోవాలె. కూసో" అన్నారు. అలా రెండేళ్లు కూర్చున్నాను. పొద్దున టెస్టింగు క్లాసు, సాయంత్రం మ్యాజిక్.

మాస్టారు వీధి, స్టేజీ, టేబులు, ఈ మూడు రకాల ఆటలూ ఆడినవారు. కుర్రతనంలో పంజగుట్ట చౌరస్తా దగ్గర, లక్డీకాపూల్ ఫుట్‌పాత్ మీద గిన్నెలు బోర్లించి బంతులు మాయం చేసేవారు. ఆ రోజుల గురించి చెప్పేటప్పుడు లేచి నిలబడేవారు. కూర్చుని చెప్పడం ఆయనకు చేతనయ్యేది కాదు. "రోడ్డు మీద ఎవ్వడు నీకోసం రాలే. వాడు కూరగాయలకు పోతుండు, ఆఫీసుకు పోతుండు. ముందుగాల వాని కాళ్లు ఆపాలె. అందుకే గొంతు గావాలె. ఎనకాల సుత జనమే ఉంటరు, వీపుకు సుత కండ్లుండాలె" అనేవారు. వీధి ఆటలో చేతి పని సగమేనట. మిగతా సగం, వెళ్లిపోబోతున్న మనిషిని పసిగట్టి అతన్నే పేరుపేరునా పిలిచినట్టు మాట్లాడటం.

తర్వాత పన్నెండేళ్లు స్టేజీ. మనిషిని పెట్టెలో పెట్టి మాయం చేయడం, గాల్లో తేల్చడం. ఆ కాలం గురించి మాత్రం ఆయన గొంతులో గర్వం వినిపించేది కాదు. "స్టేజీ మీద డబ్బా పనిచేస్తది, లైటు పనిచేస్తది, డబ్బాల ఒదిగి కూసున్న పిల్ల పనిచేస్తది. నేను చెయ్యి ఊపుతుంటి, గంతే. చప్పట్లు మాత్రం నాకు" అనేవారు. నేను ఒప్పుకునేదాన్ని కాదు. అంతమందిని ఒకేసారి నమ్మించడం చిన్న విషయమా అని వాదించేదాన్ని. "గంతమంది చీకట్ల ఉంటరు బిడ్డా. ఒక్క మొఖం కనవడదు. మొఖం కనవడకుంటే నేనెవ్వరికి చేసినట్టు?" అనేవారు.

ఆ స్టేజీయే ఆయన వేలు తీసుకుంది. ఒక ప్రదర్శనలో పెట్టె మూత జారి కుడి చిటికెన వేలి మీద పడింది. ఎముక అతుక్కుంది కానీ, వేలు కొక్కెంలా వంగి అలాగే ఉండిపోయింది. కార్డులు చేతిలో నిలవవు, రుమాలు పట్టు చిక్కదు. స్టేజీ కంపెనీవాళ్లు నెల తిరక్కుండా ఇంకొకర్ని పెట్టుకున్నారు.

అప్పుడు మొదలుపెట్టారట ఆ చిన్న టేబులు. ఎదురుగా ఒక్క మనిషి, మధ్యలో జానెడు చోటు. కార్డులు లేవు, మెరిసే సామాను లేదు. ఒక చింతగింజ. దాన్ని మీ అరచేతిలో పెట్టి మీ చేతనే గుప్పిట మూయించేవారు. తెరిస్తే రెండు. ఒకటి తీసి జేబులో వేసుకుని మళ్లీ మూయించేవారు. తెరిస్తే మళ్లీ రెండు. చివరికి తెరిస్తే ఏమీ ఉండదు. నేను ఏడాదిన్నర పాటు వందలసార్లు చూశాను. నా చేతిలో, నా కళ్ల ముందు జరిగేది. ఒక్కసారీ దొరకలేదు.

"రోడ్డు మీద పారిపోవచ్చు. స్టేజీ మీద పరదా దించొచ్చు. గీడ ఏం లేదు. ఎదుటోడు నమ్మి చెయ్యి చాపుతడు చూడు, గదే ఆట. ఆ చాపిన చేతిని ఖరాబు చెయ్యొద్దు" అన్నారు ఒకసారి. నాకు గుర్తున్న మాటల్లో నన్ను నిద్రపోనివ్వనిది అదే.

ఒకరోజు, ఏ ముందుమాటా లేకుండా, కుడిచెయ్యి తిప్పి చూపించారు. రెండో గింజ ఆ వంగిన వేలి మడతలో ఉంది. ఎప్పుడూ అక్కడే ఉండేదట. ఆ వేలిని చూసినవాళ్లు జాలిపడి చూపు తిప్పుకునేవారు. ఆ జాలి మీదే ఆయన ఆట మొత్తం నిలబడింది. ఎవరూ తేరిపార చూడని చోటు ఆయన ఒంటి మీద అదొక్కటే మరి. "గిది ఇంట్ల సుత తెల్వదు. ఇగ మనిద్దరికే" అన్నారు. ఆ రోజు హాస్టలుకు వెళ్తూ రోడ్డు ఎలా దాటానో గుర్తులేదు.

తర్వాత ఉద్యోగం వచ్చింది. పంజగుట్టలోనే ఆఫీసు, టెస్టింగు పని. వణకని చేతులతో ఇచ్చిన మొదటి ఇంటర్వ్యూ అదే. క్యాంటీన్‌లో నా మ్యాజిక్ గురించి తెలిసి చేసి చూపించమన్నారు. రబ్బరుబ్యాండుతో, నాణెంతో చేశాను, మెచ్చుకున్నారు. అక్కడితో ఆగాల్సింది. ఆ మెప్పు తలకెక్కి ఒకరోజు చింతగింజ తీశాను. నా వేలు తిన్నగా ఉంటుంది. గింజ నిలవలేదు. సాంబారు ప్లేటు పక్కన టక్కున పడింది. టేబులంతా పగలబడి నవ్వింది.

నవ్వు ఆగలేదు. మా టీమ్‌లో ఒకతను, "ఏంటండీ, కోర్సు మధ్యలో మానేశారా?" అన్నాడు. నేను ఉక్రోషంతో చెప్పేశాను. "నాకు చేతకాక కాదు. మా మాస్టారికైతే చిటికెన వేలు వంకర. గింజ అందులో దాస్తారు. మామూలు వేలికి కుదరదు" అని. ఇరవై ఏళ్ల ఆయన పనిని ఒక్క వాక్యంలో చెప్పేసి, సాంబారన్నం కలుపుకున్నాను.

ఆ సంవత్సరం కంపెనీలో ఉద్యోగుల కుటుంబాలకు పండుగలా ఒక రోజు పెట్టారు. మెజీషియన్ కావాలంటే నేనే మాస్టారి పేరు చెప్పాను. గర్వంగా చెప్పాను. భోజనాల దగ్గర టేబులు టేబులుకీ తిరిగి చేస్తారని హెచ్ఆర్‌తో మాట్లాడాను. తీరా అక్కడికి వెళ్తే ఎత్తయిన స్టేజీ, వెనక గోడంత తెర, ఆయన చేతి మీదికి గురిపెట్టిన కెమెరా.

మాస్టారు తెర వంక చూసి, "గింజను స్టేజీ ఎక్కిస్తరా? గీ ఆట అంత దూరానికి ఆగది బిడ్డా" అన్నారు.

"కెమెరా ఉంది కదండీ, అందరికీ దగ్గరగా కనిపిస్తుంది."

"కెమెరాకు దగ్గర. జనానికి కాదు" అన్నారు కానీ, నా ముఖం చూసి మెట్లెక్కారు.

తెల్లచొక్కా చేతులు మడిచి, ఒక చిన్నపాపను స్టేజీ మీదికి పిలిచి గింజ ఇచ్చారు. తెర మీద ఆయన చెయ్యి తలుపంత పెద్దగా కనిపించింది. మొదటిసారి గుప్పిట తెరిచిన పాప కేరింత కొట్టింది. రెండోసారి మూయబోతుండగా వెనక వరసలోంచి మా టీమ్ అతని గొంతు. "అంకుల్, ఆ వంకర వేలు తెరవండి!"

హాల్లో నవ్వులు. ఇంకో గొంతు కలిసింది. పిల్లలకు అదొక ఆటలా తోచింది. "వేలు! వేలు!" అని చప్పట్లు కొడుతూ అరిచారు. మాస్టారు ఆ అరిచినతని వైపు చూడలేదు. వరసల్లో నాకోసం వెతికారు. వెలుతురు కళ్లలో పడుతుంటే నేను కనిపించానో లేదో తెలియదు. నేనైతే తల దించుకున్నాను.

ఆయన చెయ్యి చాపారు. ఒక్కో వేలూ తెరిచారు. చిటికెన వేలు దానంతట అది తెరుచుకోదు కదా, ఎడమచేత్తో పట్టుకుని లాగారు. నొప్పికి దవడ బిగుసుకోవడం కూడా తెర మీద కనిపించింది. గింజ జారి కింద పడింది. హాలంతా చప్పట్లు మోగాయి. ఆ రోజు ఆయనకు పడిన పెద్ద చప్పట్లు అవే. పాప తలనిమిరి, నమస్కారం పెట్టి దిగిపోయారు.

తిరుగు ప్రయాణంలో ఇద్దరం ఒకే ఆటో ఎక్కాం. అమీర్‌పేట దగ్గరపడుతుంటే అడిగారు.

"ఎప్పుడు చెప్పినవ్?"

"చాలా రోజులైందండి. క్యాంటీన్‌లో."

"ఎందుకు?"

"నేను చేయబోతే గింజ పడిపోయింది మాస్టారూ. అందరూ నవ్వారు."

ఆయన తలూపారు. నన్ను తిట్టి ఉంటే ఈపాటికి ఏదో ఒక సమాధానం చెప్పుకుని ఉండేదాన్ని. "నవ్వితే నవ్వనియ్యకపోతివా బిడ్డా" అన్నారు, అంతే. ఆటో ఆపించి, "జర నడుస్త" అని దిగిపోయారు.

వారం తర్వాత క్లాసుకు వెళ్లాను. "రా, కూసో" అన్నారు, ఎప్పటిలాగే. కానీ చిన్న టేబులు గోడవైపు జరిపి ఉంది, దానిమీద పిల్లల బ్యాగులు. అందరితోపాటు నాకూ తాడు ముడి నేర్పారు. కోపం లేదు, ప్రత్యేకంగా నాకంటూ ఒక మాటా లేదు. అది భరించలేక మానేశాను. క్షమించమని ఒక్కసారైనా అడగలేదు. ఇంకోరోజు అడుగుదాం అనుకుంటూ రోజులు గడిపాను.

మళ్లీ ఒకే ఒక్కసారి చూశాను. అమీర్‌పేట గది అద్దె పెరిగి క్లాసు మూసేశారని అప్పటికే విన్నాను. పంజగుట్ట సిగ్నల్ దగ్గర మా కంపెనీ క్యాబ్ ఆగింది. ఒక సెల్‌ఫోన్ షాపు ముందు గుంపు. మధ్యలో షాపువాళ్ల పసుపు టీషర్టు, టోపీ పెట్టుకుని మాస్టారు. అరవై దాటిన మనిషి మళ్లీ రోడ్డు మీదికొచ్చి, అదే గొంతుతో, వెళ్లిపోయేవాళ్ల కాళ్లను ఆపుతున్నారు. బైకులు ఆగిపోతున్నాయి. ఎంత బాగా చేస్తున్నారో! దిగి వెళ్లడానికి నాకు నిమిషమున్నర టైముంది. అద్దం ఎక్కించి ఉంది, లోపల ఏసీ. ఆఫీసుకు ఆలస్యమవుతుందని నాకు నేను చెప్పుకున్నాను. గ్రీన్ సిగ్నల్ పడింది.

కబురు తెలిసిన ఐదో రోజున ఎర్రగడ్డలో వాళ్లింటికి వెళ్లాను. మాస్టారి భార్యను నేను చూడటం అదే మొదలు. గుమ్మంలో చాప వేసి కూర్చోబెట్టింది.

"నువ్వేనా, కంపెనిల పనిజేసే పిల్లవు?"

"అవునాంటీ."

ఆమె కాసేపు తన చేతులు చూసుకుంది. "ఇరవై ఏండ్లు నా చేతుల సుత గింజ పెట్టిండు. ఒక్కనాడు దొరకలే. అడిగితే నవ్వేటోడు. ఒక్క పిల్లకు చెప్పిన అన్నడు ఓసారి. ఆ ఏలు గుంజుతుందంటే దినాం నేనే నూనె రాసి పిసుకుతుంటి. గింజ యాడ దాస్తుండెనో మాత్రం నాకు చెప్పలే." నా వైపు జరిగింది. "నువ్వన్న చెప్పు బిడ్డా. యాడ దాస్తుండె?"

ఒక ఆఫీసు మొత్తానికి తెలిసిన సంగతి. ఆమె ఇరవై ఏళ్లు తన చేతుల్లో పట్టుకుని ఒత్తిన వేలు.

"నాకూ తెలియదాంటీ" అన్నాను.

నమ్మిందో లేదో. "పోనీ తియ్యి" అని చాయ్ పెట్టడానికి లేచింది. నేను దాచింది ఆయన మీద గౌరవంతోనా, ఆమె ముందు దొరికిపోతానన్న భయంతోనా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఆమె లోపల ఉండగా వాకిట్లోకి చూశాను. స్టేజీ రోజుల నల్లకోటు ఉతికి, తిరగేసి తీగ మీద ఆరేశారు. లోపలివైపు కుట్టుకున్న చిన్నాపెద్దా జేబులన్నీ, డజనుకు పైనే, బయటికి వేలాడుతున్నాయి. పక్కవాటాలోని పిల్లలు దానికింద నుంచి వంగి బడికి పోతున్నారు. ఎవరూ తలెత్తి చూడటం లేదు. జేబుల అంచుల నుంచి నీళ్లు ఇంకా కారుతున్నాయి.