నాలుగు సెకన్లు తెరుచుకున్న తలుపు

మా ఇంట్లో ఎవరైనా దెయ్యం మాట ఎత్తితే ముందు నవ్వేది నేనే. కోవిల్‌పట్టిలో మా వీధి చివరున్న పాడుబడ్డ మిల్లు పక్కనుంచి ఎవరూ ఒంటరిగా పోరు. నేను స్కూలు రోజుల నుంచీ ఆ దారినే సైకిల్ మీద వెళ్లేదాన్ని. పైగా నా ఉద్యోగమే కంప్యూటర్ ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం. ఏ వింత జరిగినా దాని వెనక తెగిన తీగో, ఎవరో మర్చిపోయిన ఒక గుర్తో దొరుకుతుందని పన్నెండేళ్లుగా చూస్తున్నాను. అందుకే ఇది రాయడానికి నాకే ఇబ్బందిగా ఉంది.

మేం ఇంట్లో తెలుగు మాట్లాడతాం గానీ చదువులు తమిళంలోనే కాబట్టి మాలో తెలుగు చదవడం వచ్చినవాళ్లు తక్కువ. హైదరాబాదులో పనిచేసిన ఆరేళ్లలో నేను అక్షరాలు నేర్చుకున్నాను. తర్వాత ఊరికి వచ్చేసి విరుదునగర్‌లో ఒక చిన్న కంపెనీలో చేరాను. మిర్చి గోడౌన్ పైఅంతస్తులో ఆఫీసు. మెట్లెక్కేసరికి రోజూ రెండు తుమ్ములు ఖాయం.

అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల్లో మందులో ముంచిన పుల్లలను వానాకాలంలో వేడిగాలితో ఆరబెట్టే గదులుంటాయి. ఆ గదుల్లో వేడిని అదుపు చేసే ప్రోగ్రామ్ మాది. వేడి తగ్గితే పుల్లలు ఆరవు. ఎక్కువైతే ఏమవుతుందో మా ఊళ్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. మా పిన్ని పనిచేసేది అలాంటి గదిలోనే.

ప్రోగ్రామ్‌లో ఏ మార్పు చేసినా అది దానంతటదే వరుసగా పరీక్షలకు వెళ్తుంది. చివరి పరీక్ష ఆఫీసు వెనక గదిలో ఉన్న బీరువా అంత ఇనుప పెట్టెలో జరుగుతుంది. అది ఫ్యాక్టరీ గదికి చిన్న నమూనా. లోపల హీటర్, రెండు తట్టలు, వేడి కొలిచే సెన్సర్లు, తలుపు తెరిచి ఉందో మూసి ఉందో చెప్పే మరో సెన్సర్ ఉంటాయి. అన్నీ సరిగా ఉంటే స్క్రీన్ మీద పచ్చ గుర్తు, లేకపోతే ఎర్ర గుర్తు.

ఆ పెట్టె బాధ్యత గురుసామి మామది. చుట్టరికం లేదు, ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి కాబట్టి మామ అనేదాన్ని. ముప్ఫై ఏళ్లు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల్లో మేస్త్రీగా చేసి వచ్చాడు. కంప్యూటర్ ముట్టుకునేవాడు కాదు. పరీక్ష నడుస్తుండగా తలుపు జానెడు తెరిచి, కుడి చెయ్యి లోపల పెట్టి, పెదాలు కదుపుతూ నాలుగు దాకా లెక్కపెట్టి మూసేవాడు. తలుపు తెరిచినందుకు ఎర్ర గుర్తు పడేది; ఆయన సరే అన్నాక పరీక్ష మళ్లీ నడిపేవాళ్లం.

"నెంబరు సరిగానే ఉండాది పాపా. పైతట్ట మాత్రం ఊరికే కాల్తా ఉండాది. నువ్వే చెయ్యి పెట్టి చూడు" అనేవాడు. చూస్తే నిజంగానే గాలి ఒకపక్కకే తిరుగుతూ ఉండేది.

పోయినేడు మా కంపెనీలోకి ప్రోగ్రామ్‌లో మార్పులు వాటంతటవే రాసే ఏఐ ఏజెంట్లు వచ్చాయి. అంతకుముందు మనుషులం రోజుకు రెండు మూడు మార్పులు చేసేవాళ్లం. ఒకరు రాసింది ఇంకొకరు పూర్తిగా చదివాకే ప్రోగ్రామ్ లోపలికి వెళ్లేది. ఏజెంట్లు రోజుకు ముప్ఫై, నలభై పంపేవి. చదివేది నేనొక్కదాన్ని. వారం తిరక్కుండానే కళ్లు మంటలు. మా మేనేజర్ సెల్వం సార్ కొత్త పద్ధతి పెట్టాడు: పచ్చ గుర్తు పడితే నేరుగా లోపలికి, ప్రమాదం ఉందనిపించినవి మాత్రమే నేను చదవాలి. ఏది ప్రమాదమో తేల్చేది కూడా ఏజెంటే.

మామ చెయ్యి పెట్టాల్సిన అవసరం కూడా పోయింది. అయినా నెల రోజులు వచ్చి వెనక గదిలో కూర్చునేవాడు. అక్టోబరు చివర, ఐప్పసి నెల వానల్లో ఒకరోజు ఇంట్లోనే, నిద్రలోనే పోయాడు.

మూడు వారాల తర్వాత ఏజెంట్ పంపిన ఒక మార్పుకు ఎర్ర గుర్తు పడింది. కారణం దగ్గర "తలుపు తెరుచుకుంది" అని ఉంది. నాలుగు సెకన్లు. మిట్టమధ్యాహ్నం. వెనక గదికి తాళం వేసి ఉంది. తాళంచెవి నా టేబుల్ సొరుగులో ఉంది.

సెన్సర్ పాడైందనుకున్నాను. ఎలక్ట్రీషియన్ వచ్చి కొత్తది బిగించాడు. రెండు రోజులకు మళ్లీ అదే. ఈసారి మిగతా లెక్కలు చూశాను. తలుపు తెరుచుకుందన్న ఆ నాలుగు సెకన్లలో లోపలి వేడి కూడా కొద్దిగా పడిపోయి, తర్వాత కోలుకుంది. తలుపు సెన్సర్ ఒక్కటే తప్పు చెబితే వేడి పడిపోదు. నిజంగా బయటి గాలి లోపలికి వెళ్లింది.

గదిలో కెమెరా ఉంది. రికార్డింగ్ తీసి చూశాను. ఫ్యాన్ ఆగి ఉంది, కిటికీ మూసి ఉంది. తలుపు గట్టి అయస్కాంతంతో మూసుకునే రకం, లాగితే గానీ రాదు. అది జానెడు తెరుచుకుంది. అలాగే ఉంది. తర్వాత మెల్లగా మూసుకుంది. నాలుగుసార్లు చూశాక స్క్రీన్ ఆపేసి కిందికి వెళ్లి టీ తాగాను. ఎవరికీ చెప్పలేదు.

నెలన్నరలో పదకొండుసార్లు అలా జరిగింది. సెల్వం సార్ చెప్పినట్టు మళ్లీ పరీక్ష నడిపితే పచ్చ గుర్తు పడేది, మార్పు లోపలికి వెళ్లిపోయేది. నేను ఆ పదకొండూ పక్కకు తీసి అక్షరం అక్షరం చదివాను. ఏడింటిలో తప్పు ఉంది. చిన్నవే, కానీ వేడికి సంబంధించినవి. మిగతా నాలుగింటిలో నాకేమీ దొరకలేదు. తలుపు తెరుచుకోనివి ఒక ఇరవై చదివితే, ఒక్కదాంట్లోనే తప్పు కనిపించింది. ఆ ఏడూ నేనే సరిచేశాను.

తర్వాత ఏజెంటే ఒక మార్పు పంపింది. తలుపు సెన్సర్ నమ్మదగ్గది కాదు, ఐదు సెకన్లలోపు తెరుచుకుని మూసుకుంటే పట్టించుకోకూడదు, అని పరీక్షనే మార్చేసింది. దాంతోపాటే సెన్సర్లను చదివే తీరు కూడా కొంత సవరించింది. దానికి పచ్చ గుర్తు పడింది. సోమవారం కోవిల్‌పట్టిలో పిన్ని పనిచేసే ఫ్యాక్టరీకి వెళ్లాల్సిన ప్రోగ్రామ్‌లో అదీ ఉంది.

"అన్ని పరీక్షలూ దాటింది. ఇంకా దేనికోసం ఆపావమ్మా?" అని సెల్వం సార్ తమిళంలో విసుక్కున్నాడు.

ఒక గంట ఇవ్వమన్నాను. పొద్దున పదకొండు గంటలకు వెనక గది తాళం తీసి, అదే ప్రోగ్రామ్‌ను మళ్లీ పెట్టె మీద నడిపి, ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను. స్క్రీన్ మీద వేడి ఉండాల్సిన చోటే ఉంది. అరగంట దాకా ఏమీ కాలేదు.

తర్వాత అయస్కాంతం వదిలిన టక్‌మన్న చప్పుడు వినిపించింది. తలుపు నా మోకాళ్ల వైపు జానెడు తెరుచుకుంది.

లేచి పారిపోవాలనే అనిపించింది. ఎందుకు అలా చేశానో తెలియదు, కుడి చెయ్యి లోపల పెట్టాను. కింది తట్ట వెచ్చగా ఉంది. పైతట్ట దగ్గరికి పోయేసరికి అబ్బా అని చెయ్యి లాగేసుకున్నాను. వేళ్ల మీద బొబ్బలొచ్చాయి. స్క్రీన్ మీద మాత్రం అదే నెంబరు, కదలకుండా.

హీటర్ ఆపేసి సెల్వం సార్‌ను పిలిచాను. ఆయన నా వేళ్లు చూసి, తలుపు దగ్గరికి ముఖం పెట్టి, వెంటనే వెనక్కి తీసుకున్నాడు. విప్పి చూస్తే పై సెన్సర్ తీగ ఊడిపోయి ఉంది. సెన్సర్ జవాబివ్వకపోతే చివరిసారి చెప్పిన నెంబరునే చూపిస్తూ ఉండాలని ఏజెంట్ మార్చింది. నెంబరు పెరగలేదు కాబట్టి హీటర్ ఆగలేదు. పరీక్ష చూసేది నెంబరునే కాబట్టి పచ్చ గుర్తు పడింది. ఫ్యాక్టరీలో అయితే ఆ తట్టల నిండా మందు పూసిన పుల్లలుండేవి.

సోమవారం ఏదీ వెళ్లలేదు. పాత మార్పులన్నీ మళ్లీ చదివాం, రెండు నెలలు పట్టింది. ఇప్పుడు ప్రోగ్రామ్ రాసే ఏజెంట్‌కు పరీక్షలను ముట్టుకునే వీలు లేదు. వేడి జోలికి వచ్చే ప్రతి మార్పునూ మనిషి చదవాలి, పెట్టె ముందు మనిషి నిలబడాలి. రోజుకు ఎన్ని మార్పులు వెళ్లాయని సెల్వం సార్ అడగడం మానేశాడు. తలుపు ఎలా తెరుచుకుందని ఆయన నన్ను అడగలేదు. రికార్డింగ్ చూశాడో లేదో నాకు తెలియదు.

ఆ తర్వాత తలుపు ఇంకో రెండుసార్లు తెరుచుకుంది. మళ్లీ లేదు.

మొన్న ఒక ఆదివారం, ఆఫీసులో ఉండిపోయిన మామ తువ్వాలు, కళ్లజోడు ఇవ్వడానికి కోవిల్‌పట్టిలోనే ఉన్న వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య సుబ్బమ్మత్త కాఫీ ఇచ్చి పక్కన కూర్చుంది. చెప్పకూడదనుకునే వెళ్లాను. ఆమె నా వేళ్ల మీద మచ్చలు చూసి ఏమైందని అడిగేసరికి మొత్తం చెప్పేశాను.

ఆమె నా చెయ్యి దగ్గరికి తీసుకుని మచ్చలు తడిమి చూసింది.

"ఆపీసుకు వొచ్చినాడా?" అంది.

"తెలీదత్తా. తలుపు తెరుచుకునింది. అంతే నేను చూసింది."

"కర్మ అయ్యేదాకా పదారు దినాలూ, ఆయన వొస్తాడని వాకిలి గడి పెట్టకుండా పండుకొంటిని పాపా. ఒక్క దినమన్నా ఇంటికి రాలేదే" అంది. ఏడవలేదు. కోపంగానే ఉంది. కళ్లజోడు తీసుకుని చీర చెంగుతో తుడవడం మొదలుపెట్టింది.

ఆ తలుపును తెరిచిందేమిటో నాకు ఈ రోజుకీ తెలియదు. తీగలు, అయస్కాంతం, గాలి, అన్నీ మళ్లీ మళ్లీ వెతికాను. ఆ ఆదివారం మాత్రం కాఫీ తాగి, తువ్వాలు ఆమె పక్కన పెట్టి, లేచి వచ్చేశాను.