అత్తగారి అట్టముక్క

మా అత్తగారు ఇతరుల తప్పులు పట్టుకుని బతికిన మనిషి. ఇది కోడలి ఏడుపు కాదు, ఆవిడ ఉద్యోగమే అది. ముప్పై నాలుగేళ్ళు ఒకే ప్రెస్సులో ప్రూఫులు దిద్దారు. అక్కడ అందరూ వెనకాల ఆవిణ్ణి "ఎర్రసిరా" అనేవారు. ఆవిడకీ తెలుసు. అందులో అచ్చుతప్పేమీ లేదు కాబట్టి ఊరుకున్నారట.

మామగారు ఆ ప్రెస్సులోనే కంపోజిటరు. ఆయన పేర్చిన అక్షరాల్లో ఈవిడ తప్పులు పట్టడంతోనే ఇద్దరికీ పరిచయం. పెళ్ళికి ముందు కాగితం మీద దిద్దారు, పెళ్ళయ్యాక నేరుగా దిద్దారు. ఆయన చివరిదాకా సుఖంగా ఉన్నారని ఆవిడ అంటారు. ఆయన్ని అడిగే అవకాశం నాకు రాలేదు.

నేను కాపురానికొచ్చిన మొదటి వారం సరుకుల జాబితా రాసి గూట్లో పెడితే సాయంత్రానికి దానిమీద ఎర్రగీత. సబ్బు రెండుసార్లు రాశానట. ఒళ్ళు మండిపోయింది. మర్నాడు కావాలనే నాలుగుసార్లు రాశాను.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఇది తప్పు కాదమ్మా, పొగరు. దీన్ని దిద్దే గుర్తు నా దగ్గర లేదు," అన్నారు. ఇద్దరం పడీపడీ నవ్వాం. అప్పట్నుంచీ మా ఇద్దరికీ బాగా పడుతుంది.

ఆవిడ పనిముట్లు రెండే, ఎర్రకలం, అట్టముక్క. ఆ అట్టముక్క మధ్యలో ఒక్క వరుస మాత్రమే కనబడేలా సన్నటి కిటికీ కోసి ఉంటుంది. దాన్ని కాగితం మీద పెట్టి, వరుస తరవాత వరుస జరుపుకుంటూ చదవాలి. కింద ఏం జరగబోతోందో కంటికి ఆనకూడదు. "ప్రూఫు చూసే మనిషి కథలో పడిందా, తప్పు జారిపోయినట్టే!" అని ఎన్నిసార్లు చెప్పారో. నేను ఉత్తరం రాసుకుంటున్నా చెప్పేవారు.

ఆ ప్రెస్సుకి తిండి పెట్టినవి డిటెక్టివు నవలలు. రాసేది ఒక పెద్దాయన. ఆయన డిటెక్టివు రిటైరైన పోస్టుమాస్టరు, చేతికర్ర పట్టుకుని ఎడమకాలు కుంటుతూ నడుస్తాడు. పాఠకులకి ముద్దుగా కర్రాయన. మొత్తం పద్దెనిమిది పుస్తకాలు, అన్నీ అత్తగారి చేతిమీదుగా వెళ్ళినవే. తన డిటెక్టివు కాఫీలో చక్కెర వేసుకుంటాడో లేదో పెద్దాయనకి గుర్తుండేది కాదు. ప్రెస్సుకి ఫోన్ చేసి అత్తగారిని అడిగేవారు.

ఇంతటి మనిషికీ ఒక దెబ్బ తగిలింది. పదకొండో పుస్తకం చివర్లో, దొంగ దొరికే అధ్యాయంలో, కర్రాయన కుడికాలు కుంటుతూ మెట్లెక్కాడు! పెద్దాయన పరాకున రాశారు, మామగారు ఉన్నదున్నట్టు పేర్చారు, అత్తగారు వదిలేశారు. పుస్తకం బయటికెళ్ళాక ఉత్తరాలే ఉత్తరాలు. 'ఏమండీ, మీ డిటెక్టివు వారానికో కాలు కుంటుతాడా?' అని ఒకాయన రాశాడట.

పెద్దాయన మాత్రం నవ్వేశారు. "అచ్చయిన మాట మార్చకూడదమ్మాయ్. ఎప్పుడో ఇంకో కథ రాసి సర్దేస్తాలే," అన్నారు. సర్దకుండానే పోయారు. పుస్తకం ఎన్నిసార్లు అచ్చయినా ఆ కుడికాలు కుడికాలుగానే ఉండిపోయింది.

రాసినాయనకి లేని బాధ ఈవిడకెందుకు? కందకి లేని దురద కత్తిపీటకంటారే, అదీ సంగతి. ఎవరు అడిగినా, అడక్కపోయినా, "ఆ రోజు కరెంటు పోయింది" అనేవారు. ఇంట్లో ఉన్న ప్రతిలో 'కుడి' కొట్టేసి 'ఎడమ' అని ఎర్రసిరాతో రాసుకున్నారు. ఊరంతా తప్పు ఉంటే ఇంట్లో ఒప్పు ఏం చేసుకోను అని తనే విసుక్కునేవారు.

ఈమధ్యనే ఒకరోజు ఆ నవలలు వేసే పబ్లిషరు మా ఇంటికొచ్చాడు. కుర్చీలో కూర్చోకుండానే మొదలెట్టాడు.

"కర్రాయన మళ్ళీ వస్తున్నాడండీ! పెద్దాయన పిల్లలు ఒప్పుకున్నారు. పంతొమ్మిదోది కొత్త రచయిత్రి చేత రాయించాం. ప్రూఫులు మీరే చూడాలి."

"ఎవరావిడ?"

"పళ్ళ డాక్టరు దగ్గర పేర్లు రాసుకుని లోపలికి పంపిస్తుందే, ఆ అమ్మాయండీ."

"పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందట. నేను చూడను."

పబ్లిషరు తక్కువ వాడా? "పాతవన్నీ కూడా మళ్ళీ వేస్తున్నామండీ. ఈసారి వాటిల్లో తప్పులు దిద్దే అధికారం పూర్తిగా మీదే," అన్నాడు మెల్లిగా.

"పదకొండోదానిలో కూడానా?"

"దానిలో కూడా."

అత్తగారి మొహం చూడాలి! ఆ సాయంత్రమే పదకొండో పుస్తకం ప్రూఫులు తెప్పించుకున్నారు. తిన్నగా ఆ మెట్ల దగ్గరికి వెళ్ళి 'కుడి'ని కొట్టేశారు. ఇన్నేళ్ళ నలుసు కంట్లోంచి పోయిందని పబ్లిషరుకి ఫోన్ చేసి మరీ చెప్పారు. నాకూ ఎంత సంతోషం వేసిందో.

మర్నాడు పొద్దున్నే తలుపు దబదబా చప్పుడు. తీస్తే ఒకామె ఆయాసపడుతూ నిలబడి ఉంది. చేతిలో కట్టెడు కాగితాలు, మెడలో క్లినిక్ గుర్తింపు కార్డు.

"కుడికాలు దిద్దేశారటండీ? అయ్యో, దిద్దకండి! నా పుస్తకం మొత్తం ఆ కాలు మీదే నిలబడింది!"

ఆమే కొత్త రచయిత్రి. అత్తగారు లేచి నిలబడ్డారు. "తప్పుని తప్పు అనక ఏమనమంటావ్?"

"పదేళ్ళప్పుడు చదివానండీ అది. ఉత్తరం కూడా రాశాను, జవాబు రాలేదు. అది తప్పని నేను అనుకోలేదు. పెద్దాయన రాసి, మీరు చూశాక తప్పెలా ఉంటుంది? కాలెందుకు మార్చాడా అని ఇన్నేళ్ళూ ఆలోచిస్తూనే ఉన్నాను."

"మరి ఎందుకు మార్చాడు?"

"చెప్పనండీ. చదవండి." కాగితాలు బల్లమీద పెట్టింది. "మీరు దిద్దితే నాది అచ్చు వెయ్యడం కుదరదన్నారు పబ్లిషరు గారు. ఏ సంగతీ రేపు చెప్పండి." క్లినిక్కి వేళవుతోందని పరిగెత్తింది.

ఆవిడ ముందున్నది ఎంత చిక్కో నాకు తెలుసు. దిద్దితే తన మచ్చ పోతుంది, ఆ పిల్ల పుస్తకం పోతుంది. వదిలేస్తే మచ్చ ఇక ఎప్పటికీ పోదు. "ముందు చదివి చూడండత్తయ్యా," అన్నాను. "పిల్ల ధైర్యం నాకు నచ్చింది."

"నీకు పొగరున్నవాళ్ళందరూ నచ్చుతారు," అని కిటికీ పక్కన కూర్చున్నారు.

మొదట అట్టముక్క ఒక్కో వరుసే దిగింది, మధ్యమధ్య ఎర్రకలం గీరింది. నేను బట్టలు ఆరేసి వచ్చేసరికి పేజీలు టకటకా తిరుగుతున్నాయి. ఎర్రకలానికి మూత పెట్టేసి ఉంది. ఇంత వేగంగా తిప్పేస్తున్నారంటే పిల్ల పని అయిపోయినట్టే అనుకున్నాను. కాఫీ ఇస్తే చెయ్యి ఊపి పొమ్మన్నారు. అది చల్లారి మీగడ కట్టింది.

మర్నాడు ఆ అమ్మాయి వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో సంచీని పట్టుకుంది.

"దొంగ కర్రాయన్ని అంతకు ముందు చూడలేదు. ఎడమకాలు కుంటే మనిషొస్తే పారిపోవాలని మాత్రం తెలుసు," అన్నారు అత్తగారు. "అందుకని కర్రాయన ఆ ఒక్కరోజు కాలు మార్చాడు. అంతేనా?"

"అంతేనండీ. పాత పుస్తకంలో మెట్ల మీద దొంగ ఎదురుపడి, పక్కకి తప్పుకుని దారి ఇస్తాడు కదా. పోల్చుకుని ఉంటే ఇస్తాడా?"

"నేనే దిద్దిన వాక్యం అది. నాకు తట్టలేదు." అత్తగారు కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "నీకొకటి చెప్పాలి. ఆ రోజు కరెంటు పోలేదమ్మాయ్."

నేను ఉలిక్కిపడ్డాను.

"దొంగెవరో తెలుసుకోకుండా ఉండలేకపోయాను. అట్టముక్క తీసి పక్కన పెట్టేసి, గబగబా చదివేశాను. మా ఆయనకి కూడా చెప్పలేదు. సిగ్గేసింది."

ఆ అమ్మాయి నవ్వబోయి ఏడ్చేసింది. నాకు మాత్రం కోపం వచ్చింది. ఇన్నేళ్ళూ లేని కరెంటు కోతకి నేను కూడా సానుభూతి చూపించాను కదా!

అత్తగారు పదకొండో పుస్తకం ప్రూఫు ముందుకి లాక్కున్నారు. కొట్టేసిన 'కుడి' కింద ఎర్రకలంతో వరసగా చుక్కలు పెట్టి, పక్కన 'ఉండనివ్వండి' అని రాశారు. నా దిద్దుబాటు చెల్లదు, ఉన్నదే సరైనది అనడానికి ప్రెస్సులో అదీ గుర్తు. ఆవిడ తన గీత తనే వెనక్కి తీసుకోవడం నేను చూడటం అదే మొదలు.

"మరి నా దాంట్లో తప్పులు చాలా ఉన్నాయాండీ?" అంది అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ.

అత్తగారు ఎర్రకలానికి మూత పెట్టారు. నావైపు చూశారు, కిటికీవైపు చూశారు.

"ఇంకో రెండ్రోజులు ఆగాలమ్మా. నలభయ్యో పేజీ దగ్గర అట్టముక్క పక్కన పెట్టేశాను. మళ్ళీ మొదట్నుంచీ చూడాలి."