ఇంటికి తీసుకెళ్ళండి

కాలికి దెబ్బ తగిలితే గజ్జల్లో బిళ్ళ కడుతుంది, చేతికి తగిలితే చంకలో కడుతుంది. మా ఇళ్ళలో ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు. అందుకే మా ఆయనకు మెడకు రెండు పక్కలా బిళ్ళలు కట్టినప్పుడు మా అత్త ఆయన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, జుట్టు పాయలు పాయలుగా తీసి పుండు కోసం వెతికింది. యాభై రెండేళ్ళ మనిషి, బొమ్మసంద్ర ఫ్యాక్టరీలో లేత్ మెషీన్ మీద ఉక్కు చెక్కే మనిషి, పేలు చూపించుకునే పిల్లాడిలా తల వంచుకుని కూర్చున్నాడు.

"పుండు లేకుండా బిళ్ళ ఎట్ల కడతాదప్పా? యాడో ఉండాది, బాగా చూడు," అంది అత్త నాతో.

చంకల్లో చూస్తే అక్కడా ఉన్నాయి. నొక్కితే నొప్పి లేదన్నాడు. నొప్పి లేదంటే మేం సంతోషించాం. మా తెలివి అంతవరకే. వారం రోజులు అత్త ఉప్పు మూటతో కాపడం పెట్టింది.

అవి తగ్గలేదు. ఇంతలో ఫ్యాక్టరీలో ఏడాదికోసారి అందరికీ చేసే రక్తపరీక్ష వచ్చింది. తెల్లకణాలు పదకొండు వేలు దాటకూడదట, ఆయనకు ఎనభై వేలున్నాయి. మళ్ళీ చేసినా అంతే. పెద్దాసుపత్రికి పొమ్మన్నారు.

అక్కడి రక్తరోగాల డాక్టరమ్మ కోస్తా వైపు మనిషి, తెలుగు మాట్లాడుతుంది. ఆ మాట వినగానే నాకు సగం రోగం తగ్గినట్టే అనిపించింది. ఈ ఊరి ఆసుపత్రుల్లో నా జన్మంతా కన్నడంలోనే నొప్పులు చెప్పుకున్నాను మరి. ఆమె మెడ, చంకలు, గజ్జలు తడిమింది, ఎడమ డొక్క కింద వేళ్ళు పెట్టి ప్లీహం చూసింది. రక్తం చుక్క గాజుపలక మీద పరిచి సూక్ష్మదర్శినిలో చూశామంది. చిన్న చిన్న కణాలు, చూడ్డానికి మామూలువేనట, కాకపోతే లెక్కకు మించి ఉన్నాయట. కొన్ని పలక మీదే చితికిపోయాయట.

"మెచ్యూర్ అయిన కణాలేనండి. కానీ టైముకి చావవు, పేరుకుపోతాయి," అంది.

"మగోనికి మెచ్యూర్ ఏందమ్మా?" అంది అత్త. మాకు తెలిసిన మెచ్యూర్ ఒకటే, ఆడపిల్ల పెద్దమనిషి కావడం. డాక్టరమ్మ నవ్వాపుకోలేకపోయింది. మా ఆయనా నవ్వాడు. ఆ గదిలో మేం నవ్వింది అదొక్కసారే.

ఇలాంటి రోగాలు నాలుగైదు రకాలట, పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయట. ఏ రకమో తేల్చడానికి కణాల ఒంటి మీది గుర్తులు చూసే పరీక్షకు రక్తం పంపింది. నేను గార్మెంట్స్‌లో చెకింగ్ చేస్తాను గనక ఈ సంగతి నాకు చప్పున ఎక్కింది. చొక్కాలన్నీ ఒకటే, కాలర్ లోపల లేబుల్ చూస్తే గానీ ఏ ఆర్డరువో తెలియవు. పది రోజులకు లేబుల్ తెలిసింది. రక్త క్యాన్సర్, కానీ మెల్లగా నడిచే రకం.

అప్పుడు డాక్టరమ్మ అన్న మాటలు ఇవీ. "ఇప్పుడు మందులేం అక్కర్లేదండి. ఇంటికి తీసుకెళ్ళండి. ఏం తినాలనిపిస్తే అది పెట్టండి. మూడు నెలలు చూద్దాం."

మా వైపు డాక్టరు ఆ మాట ఎప్పుడంటాడో అందరికీ తెలుసు. మా నాన్నకు అదే చెప్పారు, మా పెద్దాడబిడ్డకు అదే చెప్పారు. ఇంటికి తీసుకెళ్ళండి, అడిగింది పెట్టండి. ఆ తర్వాత ఆమె ఇంకా ఏవేవో చెప్పింది, జ్వరమొస్తే, చెమటలు పడితే, బరువు తగ్గితే వెంటనే రమ్మని కాగితం మీద రాసిచ్చింది కూడా. నా చెవులు మొదటి మాట దగ్గరే మూసుకుపోయాయి. కన్నడంలో చెప్పుంటే మళ్ళీ అడిగేదాన్ని. తెలుగులో చెప్పింది గనక అర్థమైందనుకున్నాను.

ఆటోలో ఆయన ఒకటే అన్నాడు. "మూడు నెల్లంట. శానా బతికినా, చాలు."

నేను ఏడవలేదు. ఏడిస్తే ఆయనే నన్ను ఓదార్చాల్సొస్తుందని పళ్ళు బిగబట్టుకున్నాను.

ఊరందరికీ తెలిసింది. హోసూరు నుంచి, ఆనేకల్ నుంచి చుట్టాలు చూసిపోవడానికి వచ్చారు, బ్రెడ్డు పొట్లాలు పట్టుకుని. బ్రెడ్డు పట్టుకొచ్చే మనుషులంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంట. బతికుండగానే మనిషి ఎదుట కూర్చుని "ఎంత మంచోడో" అని చెప్పుకున్నారు. ఆయన పనికి పోవడం మానేశాడు. ఇరవై ఏళ్ళు ఎవర్నీ ముట్టనివ్వని, ఉక్కు మందం కొలిచే మైక్రోమీటరును తోటి పనివాడికి ఇచ్చేశాడు. అత్త రోజూ ఆయనకిష్టమైన ఉలవచారు, రాగిముద్ద చేసేది. రెండు చిన్న తునకలు గిల్లి చెయ్యి కడుక్కునేవాడు. అత్త ఆ మిగిలిన ముద్ద ఎదుట కూర్చుని కళ్ళు తుడుచుకునేది. నేను డ్యూటీకి పోయి వేల చొక్కాలు తిరగేసేదాన్ని. ఒక్క దారం పోగూ కంటికి ఆనేది కాదు.

మూడు నెలలు నిండాయి. ఆయన పోలేదు. చీటీలో తేదీ ఉందని ఆసుపత్రికి పోయాం.

బరువు అరవై ఎనిమిది నుంచి అరవై ఒకటికి దిగింది. డాక్టరమ్మ మొహం మారింది. తెల్లకణాలు అప్పటంతే ఉన్నాయే, మరి ఈ ఏడు కిలోలు ఎలా పోయాయని అడిగింది.

"పోయే మనిషికి తిండి యాడ దిగుతాదమ్మా?" అంది అత్త.

"పోయే మనిషేంటండి? అలా అని ఎవరు చెప్పారు?"

"మీరే."

ఆమె కుర్చీ మా దగ్గరికి లాక్కుంది. తర్వాత ఒక్కో మాటా నిదానంగా చెప్పింది. కొందరికి ఏళ్ళ తరబడి మందే అక్కర్లేదట. ముందే ఇస్తే లాభం లేదు గనక ఇవ్వలేదట. మూడు నెలలన్నది మళ్ళీ చూసే గడువట. కానీ బరువు తగ్గడం రోగం ముదిరిందనడానికి కూడా గుర్తే. "ఈ ఏడు కిలోలు దిగులు తిందా, రోగం తిందా నాకు తెలియాలి. ఒక నెల బాగా తినిపించి తీసుకురండి," అంది.

ఆ నెల మా ఇంట్లో పండగే. ఆయన పనికి పోయాడు, మైక్రోమీటరు తిరిగి అడిగి తెచ్చుకున్నాడు. "చచ్చినోడు లేచొచ్చినాడు, నా సామాను నాకిచ్చేయప్పా," అన్నాడట. మూడు పూటలా తిన్నాడు, ముద్ద మీద ముద్ద వేయించుకుని తిన్నాడు. నేను రోజూ ఆయన చొక్కా కాలర్ బిగిసిందేమోనని వేలు పెట్టి చూసేదాన్ని. బిగియలేదు. ఆయనా అద్దం ముందు కాలర్ లాగి చూసుకునేవాడు.

నెల తిరిగాక ఆసుపత్రిలో ఆయన బరువు మిషన్ ఎక్కాడు. అరవై మూడు. డాక్టరమ్మ "పర్లేదే, పెరిగారు," అంటోంది. నా చూపు ఆయన ప్యాంటు జేబుల మీద పడింది. కుట్టు తిన్నగా దిగిందా లేదా చూడ్డమే నా పని. రెండు జేబులూ కిందికి లాగి ఉన్నాయి. జేబు అంచుల్లోంచి అరచేతి మందాన ఉక్కు గుండ్లు కనిపిస్తున్నాయి, తన లేత్ మీద చెక్కినవే. వెంట్రుకవాసి తేడా వస్తే పీసు పక్కన పారేసే మనిషి ఆయన.

నోరు మూసుకుంటే మళ్ళీ ఇంటికి పొమ్మంటుంది. ఆ మాట కోసం నా ప్రాణం కొట్టుకులాడింది.

"జేబులో ఉండేవి తీసి పక్కన పెట్టప్పా," అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. ఒకటి తీశాడు, రెండోది తీశాడు. అరవై ఒకటి.

డాక్టరమ్మ పెన్ను తీసి చాలాసేపు రాసింది. ఈసారి ఇంటికి తీసుకెళ్ళమనలేదు.