దయ్యానికి ముద్ద పెట్టిన టీచర్

మా ఎదురు ఫ్లాట్ టీచర్ ఇక లేరన్న సంగతి నేను అపార్ట్‌మెంట్ గ్రూపులో చదివి తెలుసుకున్నాను. కొన్నాళ్లుగా ఆస్పత్రిలో ఉన్నారు, తిరిగొస్తారనే అనుకున్నాం. "మూడో అంతస్తు టీచర్ గారు తెల్లారుజామున కాలం చేసిన్రు" అని సెక్రటరీ పెట్టిన కబురు కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చాయి. వాటి కిందే ఒకాయన అడిగాడు: "బాడీని లిఫ్ట్‌ల తెస్తరా, మెట్ల మీంచి తెస్తరా?" దాని మీద మాత్రం చర్చ చాలాసేపు నడిచింది.

ఆవిడ చిక్కడపల్లి సందులో ఒక చిన్న బడిలో నర్సరీ పిల్లలకు ఆటపాటలు నేర్పేవారు. పాటలు సొంతంగా కట్టేవారు. అన్నీ దయ్యాల మీదే. లోకంలో చిలకలూ చందమామలూ కరువైనట్టు ఈవిడకు ఈ పిచ్చేమిటని మొదట్లో నేనూ అనుకున్నాను. మా బాబు పుణ్యమా అని అర్థమైంది.

వాడికప్పుడు మూడేళ్లు. మా అత్తయ్యకు మనవడంటే ప్రాణం, కానీ వాడికి అన్నం తినిపించడానికి ఆవిడకు తెలిసిన విద్య ఒక్కటే. "తినకపోతే మెట్ల కింద దయ్యం ఉంది, పిలవనా?" అనేది. ముద్ద దిగేది గానీ, పొద్దు గూకితే వాడు మెట్లెక్కేవాడు కాదు. ఒక సాయంత్రం కరెంటు పోయి లిఫ్ట్ ఆగింది. మెట్ల దగ్గర నన్ను కరుచుకుని ఒకటే ఏడుపు. వెనకే నారాయణగూడ మార్కెట్ నుంచి కూరల సంచితో టీచర్ వచ్చారు.

"ఏమైందిరా?"

"దయ్యం" అన్నాడు వాడు వెక్కుతూ.

"గట్లనా! యాడున్నది? అన్నం తిన్నదా అది?"

వాడి ఏడుపు ఆగిపోయింది. అంతవరకూ ఆ ప్రశ్న వాడినెవరూ అడగలేదు. "తెలీదు" అన్నాడు.

"అడగకుంట ఏడుస్తవేందిరా? పాపం, ఎప్పటి సంది ఆకలితోని ఉన్నదో!"

సంచి మెట్టు మీద పెట్టి, కొంగు తల మీంచి కప్పుకుని, ఆ చీకట్లోనే పాట అందుకున్నారు.

మెట్ల కింద దయ్యం
మెత్తమెత్తని దయ్యం
దానికి చీకటి భయం
దా దా అంటే నయం

అన్నం తిన్నవా దయ్యం?
అయ్యో లేదు, ఆకలి!
ముద్ద కలిపి పెడతా రా
తీసే ఉంది వాకిలి!

"భయం" అన్నప్పుడు ముడుచుకుపోవాలి. "ఆకలి" అన్నప్పుడు పొట్ట పట్టుకుని గిరగిరా తిరగాలి. "వాకిలి" అన్నప్పుడు రెండు చేతులూ బారజాపాలి. ఇంటికి చేరేసరికి మా వాడు మా ఇద్దరికంటే ముందు ఎక్కుతున్నాడు, ప్రతి మలుపులోనూ చేతులు బారజాపి దయ్యాన్ని పిలుచుకుంటూ.

ఆ తర్వాత వాడి మాట కూడా ఆవిడ మాటే అయింది. "నానమ్మా, జర జరుగు, దయ్యం కూసుంటది" అని సోఫాలో చోటడిగేవాడు. మా అత్తయ్యకు ఒళ్లు మండేది. "దీపాలు పెట్టే వేళ ఇంట్లో ఆ మాటలేమిట్రా!" అని కసిరేది. టీచర్ నవ్వేవారు. "ఊకో అక్కా. బెదిరిచ్చి తినిపిచ్చిన ముద్ద ఒంటికి పట్టదు" అనేవారు.

ఆవిడ పద్ధతి బడికీ రుచించలేదు. ఆ ఏడే ఒక పిల్లకు జ్వరం వచ్చిందట, నిద్రలో దయ్యం దయ్యం అన్నదట. తల్లి వచ్చి నానా గొడవ చేసింది. ప్రిన్సిపల్ మేడమ్ పిలిచి, "యాన్యువల్ డేకు సీతాకోకచిలుకల డాన్స్ పెట్టుకోండి టీచర్, రెక్కలు మేమే తెప్పిస్తాం" అన్నారట.

"సీతాకోకచిలుకను చూసి ఎవరు భయపడ్తరు మేడమ్? భయపడేదాని మీదనే గద పాట గావాలె" అన్నారట ఈవిడ.

మరుసటి ఏడు రావద్దన్నారు. ఆ పిల్లకు వచ్చింది మామూలు జ్వరమేనని, క్లాసులో సగం మందికి వచ్చిపోయిందని తర్వాత అందరికీ తెలిసింది. ఆ ముక్క టీచర్ ఇంటికొచ్చి చెప్పడానికి మాత్రం ఒక్కరికీ నోరు రాలేదు.

బడి పోయాక సాయంత్రాలు మా సెల్లార్‌లో నేర్పడం మొదలుపెట్టారు. ఆపి ఉంచిన బళ్ల మధ్య కాస్త జాగాలో అపార్ట్‌మెంట్ పిల్లలు గుండ్రంగా నిలబడేవారు. "తెల్లచీర దయ్యం తడిసిపోయె పాపం, తీగ మీద ఆరేస్తే తుమ్మె చూడు, హాచ్!" అనగానే అందరూ వెల్లకిలా పడేవారు. పక్క హాస్టల్లో గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే కుర్రాళ్లు చేతిలో పుస్తకాలతోనే బాల్కనీలోంచి తుమ్మేవారు. మా అశోక్‌నగర్‌లో ఆ కుర్రాళ్లు నవ్వగా నేను చూసింది అప్పుడే.

అదీ ఎన్నాళ్లో సాగలేదు. "దయ్యాల అపార్ట్‌మెంట్ అని పేరు పడితే కిరాయికి ఎవడొస్తడు? అమ్ముదామంటే ఎవడు కొంటడు?" అని సెక్రటరీ మీటింగ్ పెట్టాడు. పాటలు ఆపాలని చేతులెత్తిన వాళ్లలో, రోజూ పిల్లల్ని ఆవిడకు అప్పజెప్పి హాయిగా వాకింగ్‌కు వెళ్లొచ్చిన వాళ్లూ ఉన్నారు. ఆ చేతులు నాకింకా గుర్తున్నాయి.

నేను కోప్పడితే ఆవిడే నన్ను ఊరుకోబెట్టారు. "పోనియ్యమ్మా. దయ్యాలతోని నాకు ఎన్నడు లొల్లి లేదు, మనుషులతోనే పరేషాన్." అప్పటి నుంచి సాయంత్రాలు తన ఇంటి తలుపు బార్లా తీసి పెట్టుకునేవారు. వెళ్లేది మా వాడొక్కడే. ఒకసారి చాయ్ వడపోస్తూ నాతో అన్నారు: "నేను పోతే పిల్లలతోని ఆ అన్నం పాట పాడిపియ్యి. పిండాల సంగతి కాకులు చూస్కుంటయి." సరేనన్నాను.

అందుకే పన్నెండో రోజు ఆవిడ తమ్ముణ్ని అడిగాను. ముషీరాబాద్ నుంచి వచ్చి కర్మలు ఆయనే చేస్తున్నాడు. తడి ధోవతితో గుమ్మంలోకి వచ్చినప్పుడు చెప్పాను, ఇది మీ అక్కయ్య కోరిక అని.

"చావింట్ల దయ్యం పాటనా? ఏం మాట మేడమ్ అది! నలుగురు వింటే ఏమనుకుంటరు?" అని విసురుగా లోపలికెళ్లి పీట మీద కూర్చున్నాడు. తలుపు తీసే ఉంది. పురోహితుడు ఆవిడ పేరు చెప్పి, దాని పక్కనే ప్రేతమని చెప్పి, పిండం పట్టమంటున్నాడు. ఇన్ని రోజులూ ఆవిడను అలాగే పిలిచారు, అన్నం ముద్ద చేసి పెట్టారు. టీచర్ పాటలో ఉన్నదీ అంతకంటే ఏమీ కాదు. పిల్లలు పాడితేనే అపచారం వచ్చింది.

భోజనాలు సెల్లార్‌లో పెట్టారు. పిల్లలు గిరగిరా తిరిగిన చోటే బల్లలు వేశారు. గారెలు వడ్డిస్తుంటే సెక్రటరీ లేచి, "పిల్లలకు ఆమె దేవత" అన్నాడు. ప్రిన్సిపల్ మేడమ్ కూడా వచ్చారు, "మా బడికి ఆణిముత్యం" అని కళ్లు తుడుచుకున్నారు. చచ్చినవాడి కళ్లు చేరెడు అని పెద్దలు ఊరికే అనలేదు. విస్తరి అలాగే వదిలేసి పైకి వచ్చేశాను.

ఆ రోజు రాత్రి భోజనం దగ్గర మా వాడు మారాం చేశాడు. అత్తయ్య అలవాటుగా గొంతు తగ్గించింది.

"తింటావా లేదా? ఎదురింటి టీచరమ్మ ఇప్పుడు దయ్యం అయింది. పిలవనా?"

నేను వంటింట్లోంచి వచ్చేసరికే వాడు ముద్ద పట్టుకుని తలుపు దగ్గరికి పరుగెత్తాడు. మునివేళ్ల మీద నిలబడి గడియ తీశాడు. ఎదురు తలుపుకు తాళం వేసి ఉంది. దాని పైన అప్పుడే కిరాయి కాగితం అంటించి ఉంది.

"టీచర్, అన్నం తిన్నవా?" అని చేతులు బారజాపి పాట అందుకున్నాడు.

అత్తయ్య కెవ్వున అరిచింది. వాడి రెక్క పట్టి లోపలికి ఈడ్చి, వీపు మీద ఒకటేసి, తలుపు మూసి పై గడియ పెట్టింది. "పిలిస్తే నిజంగానే వస్తుందిరా! వచ్చి ఎత్తుకుపోతుంది!" అంటుంటే ఆవిడ చేతులు వణికాయి. అది వాణ్ని బెదిరించడానికి పెట్టిన వణుకు కాదు. వాడు ఆ చేతుల్నే చూస్తూ నిలబడ్డాడు. ముద్ద గుమ్మంలో రాలిపోయింది.

అత్తయ్యతో ఆ రాత్రి గట్టిగానే పోట్లాడాను. వాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని పాట మొదలుపెట్టాను. వాడు గొంతు కలపలేదు.

ఇప్పుడు వాడికి రెండోసారి చెప్పే పని లేదు. కంచంలో పెట్టింది పెట్టినట్టు తినేస్తున్నాడు. "చూశావా, దారికొచ్చాడు" అంటుంది అత్తయ్య. తింటున్నంతసేపూ వాడి చూపు పై గడియ మీదే ఉంటుంది.