మోకాళ్ల నొప్పి మాత్రలు, నా బరువు

ఆ రోజు రొయ్యల గుంట గట్టు మీద మేత బకెట్టు పట్టుకుని నాలుగడుగులు వేశానో లేదో, ఊపిరి అందలేదు. అక్కడే కూలబడ్డాను. లేవడం నా వల్ల కాలేదు. మా ఆయన శీనయ్య, పక్క గుంట వాళ్లు కలిసి లేపాల్సి వచ్చింది. అప్పటికి నా బరువు నూట పన్నెండు కిలోలు.

మాది తోటపల్లి గూడూరు దగ్గర పల్లె. నాలుగేళ్ల కిందట మోకాళ్ల నొప్పులు మొదలయ్యేదాకా నేను సన్నటి మనిషినే. ఆ తర్వాత లావెక్కుతూనే ఉన్నాను. రాత్రిపూట అన్నం మానేసినా తగ్గలేదు. "చాటుగా తింటా ఉందేమో" అని మా ఆడబిడ్డ నవ్వేది. నేనేదో ఎక్కువే తింటున్నానని చివరికి నాకూ అనిపించింది.

నెల్లూరులో ఎముకల డాక్టరు గారు, "ముందు బరువు తగ్గాలమ్మా" అని బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే బేరియాట్రిక్ సర్జన్ దగ్గరికి పంపారు. ఆపరేషన్‌కు ముందు బ్లడ్ టెస్టులు, ఈసీజీ, ఎకో, ఎండోస్కోపీ చేయాలన్నారు. "రోజూ వాడే మందులేమైనా ఉన్నాయా?" అని నర్సు అడిగితే లేవన్నాను. మోకాళ్లకు వేసుకునే మాత్రలు నాకు మందుల లెక్కలోకే రాలేదు. పరీక్షల కోసం కొన్నాళ్లు టౌన్లో మా పిన్నమ్మ ఇంట్లో ఉన్నాం. ఆ మాత్రలు ఊళ్లోనే ఉండిపోయాయి.

ఎండోస్కోపీ రోజు పరగడుపున వరండాలో కూర్చున్నాను. కళ్లు తిరిగాయి, వాంతి అయింది. బీపీ బాగా పడిపోయిందని స్ట్రెచర్ తెచ్చారు. ఎండోస్కోపీ ఆపేశారు. మత్తు డాక్టరు గారు నా చేతుల మీది కమిలిన మచ్చలు, పొట్ట మీది ఊదారంగు చారలు చూసి హార్మోన్ల డాక్టరు, ఎండోక్రైనాలజిస్ట్ మేడంను పిలిపించారు. ఆమె కార్టిసాల్ అనే హార్మోన్ పరీక్షకు రక్తం తీయించి, వెంటనే సెలైన్, ఇంజెక్షన్ పెట్టించారు. సాయంత్రానికి లేచి కూర్చోగలిగాను.

రిపోర్టు చూసి మేడం అడిగారు. "ఏం మాత్రలు వేసుకుంటున్నారమ్మా?"

శీనయ్య చెప్పాడు. "మోకాళ్ల నొప్పులకు మేడం. మా పక్కూళ్లో ఒకాయన పొట్లం కట్టి ఇస్తాడు. వేసుకుంటే నొప్పే ఉండదు."

అప్పుడే ఆ పొట్లాల ఆయనకు ఫోన్ చేయించారు. కాసేపు నసిగి, అందులో ఒకటి స్టెరాయిడ్ అని ఒప్పుకున్నాడు.

"మీ బరువులో చాలా భాగం దాని వల్లే," అన్నారు మేడం. "ఇన్నేళ్లు బయటి నుంచి స్టెరాయిడ్ వస్తుంటే ఒళ్లు తనంతట తాను కార్టిసాల్ తయారు చేయడం మానేసింది. ఆ మాత్రలు ఆగేసరికి పడిపోయారు. ఇది తెలియకుండా ఆపరేషన్ చేసి ఉంటే ప్రాణం మీదికి వచ్చేది."

ఆమె ఇంకా ఏదో చెబుతూనే ఉన్నారు, ఒక్క ముక్కా లోపలికి పోలేదు. నా పొట్ట వైపే చూస్తూ ఉండిపోయాను. నాలుగేళ్లుగా దాన్ని చూసి నన్ను నేనే అసహ్యించుకున్నాను. ఏడుపు కూడా రాలేదు.

మేడం వెళ్లాక శీనయ్య గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. "బండేసుకుని పొయ్యి తెచ్చింది నేనే గదా. నా చేత్తోనే నిన్ను ఇట్టా చేసినానే!"

"నొప్పి అంటే తెచ్చినావు, నేను మింగినాను. మనకేం తెలుసయ్యా," అన్నాను. ఆ మాటలు వేరే ఎవరో అంటున్నట్టు వినిపించాయి.

ఆపరేషన్ వాయిదా పడింది. స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపకూడదని మేడం తానే ఆ మాత్రలు రాసి, మెల్లమెల్లగా తగ్గిస్తూ వచ్చారు. ఆ నెలలు నరకం. ఒళ్లంతా పోట్లు. ఒకరోజు తట్టుకోలేక, "ఒక్క పొట్లం తెచ్చియ్యవా" అని బతిమాలాను. శీనయ్య లేచి బయటికి పోయాడు. తీరా చూస్తే వేణ్ణీళ్లు కాచి తెచ్చి మోకాళ్లకు కాపడం పెట్టాడు. ఇంకోసారి జ్వరమొచ్చినప్పుడు, మేడంకు ఫోన్ చేసి ఆమె చెప్పినంత మాత్ర డోసు పెంచుకోవాలన్నది మరిచిపోయి, మళ్లీ ఆసుపత్రిలో చేరాను. "జ్వరమొస్తే ఫోన్ చేయమన్నానా లేదా?" అని మేడం గట్టిగానే కోప్పడ్డారు.

ఇప్పుడు ఆ పొట్లాలతో వచ్చిన ముఖం వాపు పోయింది. బరువు కొంత తగ్గింది, ఇంకా తగ్గాలి. ఆపరేషన్ సంగతి తర్వాత చూద్దామన్నారు సర్జన్ గారు. మోకాళ్లు నొప్పి పెడుతూనే ఉన్నాయి. ఎక్సర్‌సైజులు చేస్తున్నాను, గుంటకు మేత వేసి మధ్యలో కూర్చుని మళ్లీ లేస్తున్నాను.

పరీక్షలకు వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. పొడి అయినా, లేహ్యమైనా, మాత్ర అయినా, మీరు మింగేదల్లా సంచిలో వేసుకుని వెళ్లి డాక్టరు ముందు పెట్టండి. భయపడి మీ అంతట మీరు ఆపేయకండి, నాలాగే పడిపోతారు. పేరు తెలియని మాత్ర ఏదైనా ఉంటే, దాన్ని అన్నిటికంటే ముందు చూపించండి.